కంచం చూడకుండా కసరత్తు చెప్పకండి

"పని చేసే ఆడదానికి కాన్పు అలకగ అయితది." భీవండిలో పద్మనగర్, కామత్‌ఘర్ వైపు తెలుగువాళ్ల ఖోలీల మధ్య ఒక్క వారం తిరిగినవారెవరైనా ఈ మాట వినే ఉంటారు. అత్తమ్మలు అంటారు. దవాఖాన వరండాలో వరుసలో కూర్చున్న ఆడవాళ్లు అంటారు. ఈమధ్య ఫోన్లలో వచ్చే వీడియోలూ అదే పాట పాడుతున్నాయి. రోజూ నడవండి, గుంజీలు తీయండి, వంగి ఇల్లు తుడవండి, నార్మల్ డెలివరీ అయిపోతుంది అని. మమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది మరొకటి. మన ప్రసంగ వేదికల మీద నుంచి కూడా ఇదే మాట వస్తోంది, పైగా దానికొక వాక్యం తగిలించి మరీ.

ఈ మాటలో సగం నిజం ఉంది. పూర్తి అబద్ధమైతే దానితో పోట్లాడటం సులువయ్యేది. ఆ సగం నిజాన్ని పట్టుకొని, మిగతా సగాన్ని మింగేసి, కడుపుతో ఉన్న పిల్లలను పస్తులతో పరుగులు పెట్టిస్తున్నాం. అందుకే ఇంత కటువుగా రాయవలసి వస్తోంది.

ముందు ఆ నిజం సగం చెబుతాం. గర్భిణికి శరీర వ్యాయామం మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వైద్యులు వద్దని చెప్పని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి వ్యాయామం చేయాలి. చురుగ్గా నడవడం చాలు. దానివల్ల గర్భకాలపు షుగర్, బీపీ వచ్చే ప్రమాదం తగ్గుతుంది, అవసరానికి మించి బరువు పెరగడం తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. మేము కసరత్తుకు శత్రువులం కాము. కానీ అదే సంస్థ 2016లో గర్భిణుల సంరక్షణ గురించి ఇచ్చిన సిఫార్సుల్లో ఇంకో మాట ఉంది. తిండి చాలని జనం ఉన్నచోట గర్భిణులకు రోజువారీ శక్తినీ మాంసకృత్తులనూ పెంచుకోవడం నేర్పాలి, అలాంటి ఆహారాన్ని అదనంగా అందించాలి అని. మొదటి మాట వీడియోలుగా మారి చేతి నుంచి చేతికి వెళుతోంది. రెండో మాటను ఎవరూ పంపడం లేదు. మొదటిదానికి ఖర్చు లేదు, రెండోదానికి ఉంది కదా!

ఇంతకీ మన చెల్లెలికి ఆ 150 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. మున్సిపాలిటీ నీళ్లు వచ్చే వేళకు ఆమె లేస్తుంది. అది తెల్లవారుజాము నాలుగు కావచ్చు, అయిదు కావచ్చు. హండా చంకన పెట్టుకొని ఇరుకు మెట్లు ఎక్కి దిగుతుంది. రాత్రి షిఫ్టు పన్నెండు గంటలు సాంచాల మీద నిలబడి వచ్చిన భర్తకు చాయ్ పెడుతుంది. కొందరి ఇళ్లలో బిస్సీ నడుస్తుంది. బిస్సీ అంటే ఏమిటో తెలంగాణలో ఉన్న మన చదువరులకు తెలియకపోవచ్చు. కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చిన సాంచాల కార్మికులకు నెల లెక్కన రెండు పూటలా వండిపెట్టే ఇల్లు. ఒక ఆడమనిషి పదిమందికి, ఇరవై మందికి రొట్టెలు చేస్తుంది, అన్నం వార్చుతుంది, గిన్నెలు తోముతుంది. బిస్సీ లేని ఇంట్లో బీడీలు ఉంటాయి, లేదా కండెలు చుట్టడం, బట్టకు దారాలు కత్తిరించడం ఉంటుంది. ఎన్ని మీటర్లకు అన్ని పైసలు. నడుము వాల్చిన గంటకు కూలి ఉండదు.

ఆమె ఎప్పుడు తింటుంది? పొద్దున చాయ్‌లో పావ్ ముంచుకుంటుంది. మధ్యాహ్నం అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తింటుంది. ఇరవై మందికి వండే చేతికి తన కంచంలో కూర మిగలకపోవడం అరుదైన సంగతి కాదు. మా సహవాసంలో స్త్రీల కూడిక తరువాత ఎవరు ఏం తిన్నారని అడుగుతాం. పస్తున్న వాళ్లు ఎప్పుడూ పస్తున్నామని చెప్పరు. "చాయ్ తాగిన అయ్యగారూ" అంటారు. ఈ మనిషికి మన యువజనుల వాట్సాప్ గుంపులోంచి ఎవరో గుంజీల వీడియో పంపిస్తారు!

ఇప్పుడు లెక్క చెప్పుకుందాం. జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. 1918లో తమిళనాట కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్ చేరింది. మన దేశ ప్రజలకు ఎంత తిండి కావాలో లెక్క కట్టేది అదే. 2020 లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీ కూర్చొని చేసే పనిలో ఉంటే రోజుకు సుమారు 1660 కేలరీలు చాలు. ఒక మాదిరి శ్రమ చేసే స్త్రీకి 2130 కావాలి. బరువు పని చేసే స్త్రీకి 2720. గర్భం దాల్చితే దీనిమీద రోజుకు ఇంకో 350 కలపాలి. మాంసకృత్తులు నాలుగో నెల నుంచి దాదాపు 10 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు ఎక్కువ కావాలి.

ఈ అంకెలను మరొక్కసారి చూడండి. కూర్చొని పని చేసే స్త్రీకీ ఒక మాదిరి శ్రమ చేసే స్త్రీకీ తేడా 470 కేలరీలు. అంటే హండాలు మోసి, ఇరవై మందికి వండే మా చెల్లెలికి కడుపులో బిడ్డ లేకపోయినా ఎక్కువ తిండి కావాలి. బిడ్డ ఉన్నప్పుడు ఆమె అవసరం 2480 దాటుతుంది. దానిమీద మనం చెప్పే అరగంట చురుకు నడకకు మరో వంద కేలరీల దాకా ఖర్చు. వంద కేలరీలంటే ఒక అరటిపండు. మరి అరటిపండు ఇవ్వకుండా నడవమంటే ఆ వంద ఎక్కడినుంచి వస్తుంది? ముందు ఆమె కండలోంచి, తరువాత బిడ్డ వాటాలోంచి. ఒంటికి అప్పు ఇచ్చే సేట్ ఎవరూ ఉండరు.

350 కేలరీలంటే భయపడిపోయేంత పెద్ద భోజనం కాదు. ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక గ్లాసు పాలు. ఇంచుమించు సరిపోతుంది. పాలు దొరక్కపోతే ఒక రొట్టె, గరిటెడు గట్టి పప్పు ఎక్కువ వేసుకోవచ్చు. మార్కెట్లో మేథీ, తోటకూర దొరుకుతాయి. బొంబిల్ ఎండు చేపలు మన ఊరి ఎండు చేపల కంటే తీసిపోవు. పల్లీ చిక్కీ ప్రతి కిరాణా కొట్టులోనూ వేలాడుతుంది. దవాఖానలో ఇచ్చే ఐరన్ మాత్రను మాత్రం చాయ్‌తో మింగకూడదు. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లతో మింగితే మేలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇద్దరిలో ఒకరు. ఆదివారం మందిరంలో స్త్రీల వైపు ఒకసారి చూసి ఈ లెక్క వేసుకోండి.

ఇక్కడ అత్తమ్మలు అడ్డుపడతారు. "ఎక్కువ తింటే పిల్ల పెద్దగైతది, ఆపరేషన్ జేస్తరు." ఈ భయాన్ని మేము ఎగతాళి చేయం. తెలంగాణలో ఆ సర్వే నాటికే 60 శాతానికి పైగా కాన్పులు ఆపరేషన్ కాన్పులు. దేశం మొత్తం మీద ప్రైవేటు ఆస్పత్రుల్లో దాదాపు సగం అవే. ఒక ఆపరేషన్ బిల్లు సాంచాల మీద బతికే కుటుంబాన్ని ఏళ్లకొద్దీ అప్పులో ముంచుతుంది. కోత తరువాత హండా ఎత్తలేం, బిస్సీ నడపలేం. కాబట్టి భయం న్యాయమైనదే. కానీ ఆ భయానికి మందుగా బిడ్డను కడుపులోనే మాడ్చడం ఏం న్యాయం? ఆస్పత్రి వ్యాపారంతో చేయవలసిన పోట్లాటను కోడలి కంచంతో చేస్తున్నాం.

పైగా ఆ మందు పనిచేయదు కూడా. ఆఫ్రికాలో గాంబియా అని చిన్న దేశం ఉంది. అక్కడి ఆడవాళ్లు కూడా గర్భంతోనే పొలాల్లో ఒళ్లు వంచి పని చేస్తారు. వానకాలంలో తిండి అడుగంటుతుంది, సరిగ్గా అప్పుడే పని పెరుగుతుంది. అక్కడ 28 గ్రామాల్లో అయిదేళ్లపాటు ఒక పరీక్ష జరిపి 1997లో ఫలితాలు ప్రచురించారు. గర్భిణులకు రోజూ వేరుశెనగతో, బియ్యప్పిండితో చేసిన బిస్కట్లు పెట్టారు. రోజుకు సుమారు 1000 కేలరీలు. బిడ్డల సగటు బరువు 136 గ్రాములు పెరిగింది. ఆకలి కాలంలో పుట్టిన బిడ్డల్లో 200 గ్రాములు పెరిగింది. చచ్చి పుట్టే పిల్లలు తగ్గారు, మొదటి వారంలో చనిపోయే పిల్లలు తగ్గారు. మరి తల? కాన్పులో ఇరుక్కుంటుందని అత్తమ్మ భయపడే ఆ తల చుట్టుకొలత ఎంత పెరిగింది? సుమారు 3 మిల్లీమీటర్లు. తల్లి తిన్న తిండి బిడ్డకు బలమైంది తప్ప తలుపుకు అడ్డం కాలేదు.

గాంబియా దూరమనుకుంటే పూణె దగ్గరే ఉంది. పూణె చుట్టుపక్కల ఆరు గ్రామాల్లో 1990లలో వందలాది గర్భిణులను గమనించిన పరిశోధన ఒకటుంది. వాళ్లూ వ్యవసాయం చేసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు. గర్భంలో శ్రమ ఎక్కువైన తల్లులకు చిన్న బిడ్డలు పుట్టారని అందులో తేలింది. ఆకుకూరలు, పాలు, పండ్లు ఎక్కువసార్లు తిన్న తల్లుల బిడ్డలు పెద్దగా పుట్టారని కూడా అదే పరిశోధన చెప్పింది. వాళ్ల మట్టి వేరు, మన సిమెంటు వేరు, అంతే. బువ్వకు, బరువుకు ఉన్న సంబంధం మారదు.

ఇంకా ఒక అంకె చెప్పి ఆపుతాం. 2015లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో డయాన్ కాఫీ అనే పరిశోధకురాలు భారతదేశాన్ని ఆఫ్రికా దేశాలతో పోల్చారు. గర్భం మొదలయ్యేటప్పటికే మన స్త్రీలలో 42 శాతం మంది ఉండవలసిన బరువు కంటే తక్కువగా ఉన్నారు. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో ఆ లెక్క 16.5 శాతం. మనవాళ్లు గర్భకాలం మొత్తంలో పెరిగే బరువు సగటున 7 కిలోలు. సన్నగా ఉన్న స్త్రీ 12 కిలోలకు పైగా పెరగాలని అమెరికా వైద్య సంస్థ 2009లో చెప్పింది. ఆఫ్రికా కంటే మన దేశంలో బియ్యం ఎక్కువ, డబ్బు ఎక్కువ. కోడలి పళ్లెం మాత్రం తక్కువ. దేశం పేదది కాబట్టి అనే సాకు ఇక్కడ చెల్లదు. ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు చివర తింటారు అన్నదే అసలు సంగతి.

పనీ కసరత్తూ ఒకటే అనేవారికి ఒక మాట. కసరత్తును మనిషి తానే మొదలుపెడుతుంది, తానే ఆపుతుంది. కళ్లు తిరిగితే కూర్చుంటుంది, దాహమైతే నీళ్లు తాగుతుంది, అయ్యాక పడుకుంటుంది. పనికి ఇవేవీ లేవు. రొట్టెల పెనం ముందు నిలబడ్డ మనిషి ఇరవయ్యో మనిషి తినేదాకా ఆపలేదు. వేడి, దుమ్ము, గంటలకొద్దీ నిలబడటం, బరువులెత్తడం గర్భిణికి చేటు. అవి వ్యాయామం పద్దులో రావు. రోజంతా అలా గడిపిన మనిషికి మనం చెప్పవలసిన కసరత్తు ఒకటే: మధ్యాహ్నం ఎడమ పక్కకు తిరిగి గంటసేపు పడుకో. ఆ గంటలో హండాను మేము మోస్తాం. ఆ చివరి వాక్యం లేకపోతే ముందు వాక్యం చెప్పకండి.

ఇక మన వేదిక సంగతికి వస్తాం. నిర్గమకాండము 1:19 పట్టుకొని ప్రసంగాలు చేస్తున్నారు. హెబ్రీ స్త్రీలు చురుకైనవారు, మంత్రసాని రాకముందే ప్రసవించేవారు, ఎందుకంటే కష్టించి పనిచేసేవారు, మీరూ అలాగే ఉండండమ్మా అని. దయచేసి ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదవండి. ఆ మాట దేవుడు చెప్పింది కాదు, మోషే చెప్పింది కాదు. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు ఫరో ముందు నిలబడి చెప్పిన మాట. మగపిల్లలను ఎందుకు బతకనిచ్చారని రాజు నిలదీస్తే, పిల్లల ప్రాణాలు కాపాడటానికి వాళ్లు చెప్పిన తెలివైన జవాబు. బిడ్డలను కాపాడిన మాటను బిడ్డలను చిక్కించే మాటగా మార్చిన ఘనత మనదే! ఆ స్త్రీల శ్రమ ఎలాంటిదో అదే అధ్యాయం ముందే చెబుతుంది. జిగటమన్ను, ఇటుకలు, పొలం పని, వెట్టి. దేవుడు దిగివచ్చింది ఆ వెట్టిని విడిపించడానికి. కాన్పు సులువు కావడానికి వెట్టి మంచిదని ఎవరైనా బోధిస్తే అతడు మోషే పక్షాన నిలబడ్డాడా, ఫరో పక్షానా?

గర్భిణుల నడక గురించి బైబిలులో ఇంతకంటే సూటిగా ఉన్న చోట్లు మన ప్రసంగాల్లో ఎందుకు రావు? ఆదికాండము 33లో ఏశావు తొందరపెడతాడు, కలిసి పోదాం పద అని. యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్క రోజు వడిగా తోలినా మంద చస్తుంది అంటాడు. నెమ్మదిగా, వాటి నడకను బట్టి వస్తానంటాడు. పశువుల కాపరికి తెలిసిన సంగతి సంఘ కాపరికి తెలియకపోతే ఎలా? ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దూత అతనికి ప్రసంగం చేయలేదు. రెండుసార్లు లేపి రెండుసార్లు తినమన్నాడు. ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినది అని కారణం కూడా చెప్పాడు. యాయీరు కూతురిని లేపిన తరువాత యేసు ప్రభువు చుట్టూ ఉన్నవారికి చెప్పిన పని ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని. అంత పెద్ద అద్భుతం తరువాత కూడా ఆయనకు ఆ పిల్ల ఆకలి గుర్తుంది.

ఉపవాస ప్రార్థనల గురించి మాట్లాడకపోతే ఈ వ్యాసం పిరికిది అవుతుంది. శుక్రవారం ఉపవాసం, ఇరవై ఒక్క రోజుల ఉపవాసం, శ్రమల కాలంలో నలభై రోజులు. కడుపుతో ఉన్న చెల్లెళ్లు కూడా నీళ్లతో కూర్చుంటున్నారు. బిడ్డ క్షేమంగా పుట్టాలని ఉపవాసం! వాళ్లను నిందించడం లేదు, వాళ్ల భక్తి నిజమైనది. వద్దని ఒక్క మాట చెప్పని మైకు పట్టుకున్నవాళ్లను నిందిస్తున్నాం. ఎస్తేరు మూడు రోజులు ఉపవాసం పెట్టించలేదా, యోవేలు చంటిపిల్లలను కూడా పిలవలేదా అని మమ్మల్ని అడుగుతారు. ఎస్తేరు ముందు ఒక జాతినంతా చంపమన్న రాజాజ్ఞ ఉంది. యోవేలు ముందు దేశాన్ని తినేసిన మిడతల దండు ఉంది. అవి ప్రతి శుక్రవారం వచ్చే కార్యక్రమాలు కావు. భీవండిలో మన గోడ పక్కనే ఉన్న ముస్లిం చెల్లెళ్లను అడగండి. తనకో బిడ్డకో హాని అని భయముంటే గర్భిణి రంజాన్ రోజా వాయిదా వేసుకోవచ్చని వాళ్ల పండితులే చెబుతారు. కథోలిక సంప్రదాయమూ గర్భిణులను ఉపవాస నియమం నుంచి మినహాయిస్తుంది. కృపను గురించి అందరికంటే గట్టిగా పాడే మన సంఘాలకే ఆ కృప కరువైంది. యెషయా 58 ఏ ఉపవాసం దేవునికి ఇష్టమో తేల్చి చెప్పింది. కాడి విరగ్గొట్టడం, ఆకలిగొన్నవారితో ఆహారం పంచుకోవడం. ఆ లెక్కన ఉపవాసం ఉండవలసింది చెల్లెలు కాదు. ఆమె భర్త, అత్తమామలు, సంఘ పెద్దలు, మేము. మా పూట భోజనం ఆమె కంచంలోకి వెళ్లాలి.

సంఘాన్ని తిట్టి ప్రభుత్వాన్ని వదిలేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ చదవండి. ప్రతి గర్భిణికీ, బిడ్డ పుట్టాక ఆరు నెలల దాకా, స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం ఇవ్వాలి. 6000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలి. అంగన్‌వాడీ ఆహారంలో రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని 2013 చట్టం నిబంధన పెట్టింది. పైన చెప్పిన 350 కంటే ఇది ఎక్కువే కదా! ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులు, ఇతర చట్టాల కింద ఇలాంటి సాయమే పొందేవారు తప్ప మిగిలిన అందరికీ ఆ ప్రసూతి సాయం హక్కు. ఆ సెక్షన్‌లో ఎక్కడా నీది సిద్దిపేటా, సిరిసిల్లా, భీవండా అన్న ప్రశ్న లేదు. ఆధార్‌లో ఊరు వేరే ఉందని వెనక్కి పంపితే అది చట్టం చెప్పిన మాట కాదని మనం గట్టిగా చెప్పగలగాలి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలోనే గుడ్డు, పాలతో ఒక పూట వేడి భోజనం పెడుతున్నారు. సాంచాల వెంట వలస వచ్చిన అమ్మాయి అక్కడ ఆ గుడ్డు పోగొట్టుకుంది, ఇక్కడ పొట్లం దొరకలేదు. ఇక నగదు సంగతి. 2013 చట్టం 6000 అంటే, 2017లో వచ్చిన మాతృ వందన పథకం మొదటి బిడ్డకు 5000 అంది. రెండో బిడ్డకు కావాలంటే ఆడపిల్ల పుట్టాలి. చట్టం అలా అనలేదు. పథకం అంది.

ఇది కొత్త పోరాటం కాదని మన యువజనులకు తెలియాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దాన్ని బలపరిచారు. కాన్పుకు ముందు తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు అన్నారు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరించాలని, ఆమె పని వల్ల లాభపడే యజమానికీ బాధ్యత ఉందని వాదించారు. మరుసటి ఏడాది అది చట్టమైంది. ఏ ఆడవాళ్ల గురించి ఆ చర్చ? ఇదే రాష్ట్రపు ఫ్యాక్టరీ ఆడవాళ్ల గురించి. దాదాపు వందేళ్ల తరువాత, అదే రాష్ట్రంలో, గుడ్డ నేసే ఊళ్లో, బిస్సీ నడిపే స్త్రీకి ఆ విశ్రాంతి లేదు. 1961 ప్రసూతి చట్టం కాన్పు దగ్గరపడ్డ స్త్రీ కోరితే ఎక్కువసేపు నిలబడే పని, బరువు పని ఇవ్వకూడదంది. ఎవరిని కోరాలి? బిస్సీలో యజమాని ఎవరు? రెండు పూటలా తిని వెళ్లే కార్మికుడా, అతడికి ఇల్లు చేరేంత కూలి ఇవ్వని సేటా?

అన్నీ ప్రభుత్వం చేసేదాకా ఆగుదామా? ఆగనక్కరలేదు. మా సహవాసంలో స్త్రీల కూడికలో కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. గర్భిణి పేరు ఉపవాస జాబితాలో రాయం. తానే పేరిచ్చినా పెద్దమ్మలు ఆమెను పక్కకు కూర్చోబెట్టి అన్నం పెడతారు. ప్రేమ విందులో మొదటి కంచం ఆమెది, పాస్టరుది కాదు. కొరింథులో కొందరు ఆకలితో ఉంటే కొందరు నిండా తిన్నారని పౌలు మండిపడ్డాడు, గుర్తుంది కదా. ఆమె మెట్ల కింద హండా కనిపిస్తే యువజనుల్లో ఎవరో ఒకరు ఎత్తుతారు. నెలకు ఆమెకు ముప్ఫై గుడ్లు, రెండు కిలోల పల్లీలు. ఈసారి క్రిస్మస్ నక్షత్రాలకు, లైట్లకు పెట్టే డబ్బులో కోత పెట్టి ఇది మొదలుపెట్టాం. లైట్లు తగ్గితే పండగ కళ తప్పుతుందని ఇద్దరు పెద్దలు అలిగారు. అలగనివ్వండి.

ఇవన్నీ ఉన్నచోట కసరత్తు కూడా చెబుతాం, సంతోషంగా. సాయంత్రం ఎండ తగ్గాక, కడుపులో ఏదో ఒకటి పడ్డాక, ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ నడవడం. మాట తడబడకుండా నడవగలిగితే ఆ వేగం సరైనది. ఆయాసంతో మాట ఆగితే నెమ్మదించాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కళ్లు బైర్లు కమ్మినా, ఛాతీలో నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగిపోయి వెంటనే దవాఖానకు వెళ్లాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, మాయ కిందికి ఉందని డాక్టరు చెప్పినవాళ్లు అడగకుండా ఏదీ మొదలుపెట్టవద్దు. నెలనెలా బరువు చూపించుకోవాలి. బరువు పెరగకపోతే నడక ఆపి కంచం పెంచాలి. ఈ ఒక్క నియమాన్ని యువజనులు తమ అక్కలకు, వదినలకు నేర్పితే చాలు, ఆ వీడియోలన్నీ చెరిపేయవచ్చు.

యువజనులకు ఇంకో పని ఉంది. 2006 డిసెంబరు 13న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని బస్తీ, అడిగిన మూడు నెలల్లోగా అంగన్‌వాడీ పొందవచ్చు. కాబట్టి మొదట లెక్క తీయాలి. ఖోలీ ఖోలీకి వెళ్లి ఆరేళ్ల లోపు పిల్లల పేర్లు, గర్భిణుల నెలలు రాసుకోవాలి. మన మందిరానికి వచ్చేవాళ్లవి మాత్రమే కాదు, గోడకు అవతల ఉన్న ముస్లింలవి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లవి కూడా. అర్జీ మరాఠీలో రాయాలి. మన పిల్లల్లో మరాఠీ మీడియంలో చదివినవాళ్లు ఉన్నారు, వాళ్లే రాస్తారు. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకొని తెచ్చుకోవాలి. మూడు నెలలు ఆ తేదీ నుంచే మొదలవుతాయి.